మా కెమెరాలను లెక్కలోంచి తీసేయకండి

సంపాదకులకు నమస్కారం.

ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవానికి మీరు వేసిన ప్రత్యేక పేజీలో ‘మొదటి కెమెరా ఏది కొనాలి’ అనే వ్యాసం చదివాను. కొత్తగా ఈ రంగంలోకి వచ్చే పిల్లల కోసం ఒక పేజీ మొత్తం ఇచ్చినందుకు ముందు థ్యాంక్స్ చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి విషయాలు తెలుగులో విడమరిచి చెప్పేవాళ్లు మా జిల్లాల్లో తక్కువ. కానీ అందులో కెనాన్, నికాన్, సోనీ తప్ప ఇంకో పేరే లేదు. అక్కడితో ఆగినా నేను ఉత్తరం రాసేవాణ్ని కాదు. చివర్లో ఒక బాక్స్ కట్టి, ఎవరూ వాడని కంపెనీల జోలికి పోవద్దని, ఇప్పటికే ఇంట్లో ఉంటే వచ్చిన ధరకు అమ్మేసి కొత్తది తీసుకోవడమే మేలని రాశారు. నా అభ్యంతరం ఆ బాక్స్ మీదే.

నేను హనుమకొండలో చిన్న స్టూడియో నడుపుతాను. లగ్గాలు, పుట్టినరోజులు, గృహప్రవేశాలు, పాస్‌పోర్టు ఫొటోలు, ఏ పని వచ్చినా చేస్తాను. నా సొంత కెమెరా పెంటాక్స్. వరంగల్, హనుమకొండ, కాజీపేట మూడూ కలిపి వెతికినా ఈ కంపెనీ కెమెరా మెడలో వేసుకుని తిరిగేవాళ్లు చాలా కొద్దిమందే కనిపిస్తారు. పెళ్లి మండపంలో పక్కన నిలబడ్డ కుర్రాళ్లు ‘అన్నా, గిదేం కెమెరా? దీనికి లెన్స్ ఏడ దొర్కుతది?’ అని అడగడం నాకు మామూలే. వాళ్లు అడగడంలో తప్పేమీ లేదు, చూడనిది చూసినప్పుడు ఎవరైనా అడుగుతారు. పత్రిక అలా రాయడం మాత్రం వేరే సంగతి, ఎందుకంటే పేపర్లో పడ్డ మాటను జనం నమ్ముతారు.

నమ్మారు కూడా. మీ పేజీ వచ్చిన వారంలోనే ఒక అమ్మాయి మా స్టూడియోకు వచ్చింది. జగిత్యాల వైపు పల్లె, ఇక్కడ హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. వాళ్ల చిన్నాయన గల్ఫ్ నుంచి వచ్చేటప్పుడు తెచ్చిన పెంటాక్స్ కె-ఎక్స్ ఆమె దగ్గరుంది, తెల్ల రంగుది, 2009లో వచ్చిన మోడల్, ఒక్క గీత కూడా పడకుండా చూసుకుంది. ‘సార్, దీనికి ఎంతిస్తరు? ఇది పనికిరాదట గదా’ అంది. ఇది అమ్మగా వచ్చిన డబ్బు కట్టి, మిగతాది ఈఎంఐలో పెట్టి, మీరు పేజీలో రాసిన వాటిలో ఒకటి కొనాలని ఆమె ఆలోచన. ఆ ఈఎంఐ కట్టాల్సింది వాళ్ల నాన్న. ఆయన కౌలుకు పత్తి వేసే రైతు. ఒక డిగ్రీ పిల్ల చేతిలో బాగా పనిచేస్తున్న కెమెరా ఉండగా, పేరు తెలిసిన కంపెనీది కాదన్న ఒక్క కారణంతో ఆ ఇంటి మీద అప్పు పడాలా? ఈ ప్రశ్న నన్ను కూర్చోనివ్వలేదు, అందుకే రాస్తున్నాను.

ముందు మీ వ్యాసంలో ఉన్న నిజాన్ని ఒప్పుకుంటాను. పేరు లేని కంపెనీ కెమెరాతో ఇబ్బందులు ఉన్నాయి, అవి చిన్నవి కావు. మా పనిలో ఎవరి దగ్గరా అన్ని లెన్సులూ ఉండవు. మాఘంలోనో వైశాఖంలోనో ముహూర్తాలు మీద పడినప్పుడు ఒకరి 70-200 జూమ్ లెన్స్ ఇంకొకరి చేతికి పోతుంది, ఒకరి కెమెరా బాడీ ఆగిపోతే పక్క స్టూడియో నుంచి గంటలో ఇంకోటి వస్తుంది, రెంటుకు ఇచ్చే షాపులూ ఉన్నాయి. ఈ ఇచ్చిపుచ్చుకోవడం అంతా మౌంట్ మీద, అంటే లెన్స్ బాడీకి బిగిసే చోటు మీద ఆధారపడి ఉంటుంది. కెనాన్ వాడే తమ్ముడు ఎంత మంచి మనసుతో తన లెన్స్ ఇచ్చినా అది నా బాడీకి ఎక్కదు. జీలకర్ర బెల్లం పెట్టే సమయానికి ఏదైనా మొరాయిస్తే నన్ను ఆదుకునేది నా బ్యాగులో ఉన్న రెండో బాడీ ఒక్కటే. అందుకే ప్రతిదీ రెండు పెట్టుకోవాలి, ఆ ఖర్చు నాదే.

వీడియో సంగతి ఇంకా కష్టం. ఇప్పుడు లగ్గం అంటే ఫొటోల కంటే వీడియోకే ఎక్కువ డబ్బులు, రీల్స్ అదే రాత్రికి కావాలంటారు, పెళ్లికూతురు నడిచి వస్తుంటే ఫోకస్ ముఖం మీద నుంచి జారకూడదు. ఆ పనిలో పెంటాక్స్, లోపల అద్దం లేని కొత్తరకం మిర్రర్‌లెస్ కెమెరాల దరిదాపుల్లోకి రాదు, ఎవరు అవునన్నా కాదన్నా అది నిజం. నేను వీడియోకు వేరే మనిషిని పెట్టుకుంటాను. సిగ్మా, టామ్రాన్ లాంటి కంపెనీలు ఒకప్పుడు ఈ మౌంట్‌కు కూడా లెన్సులు చేసేవి, ఇప్పుడు కొత్తవి రావడం లేదు. పాత బాడీ అమ్మాలంటే అడిగేవాడు దొరకడు, దొరికినా సగం ధరకు బేరం మొదలుపెడతాడు. కాబట్టి రేపటి నుంచే పెళ్లి ఆర్డర్ల మీద బతకాలనుకునే కుర్రాడు నన్ను అడిగితే నలుగురూ వాడేదే కొనుక్కొమ్మని చెబుతాను, చెప్పాను కూడా. అతనికి కావాల్సింది రాత్రికి రాత్రి లెన్స్ దొరకడం.

కానీ మీ పేజీ పెళ్లి ఫొటోగ్రాఫర్ల కోసం రాసింది కాదు కదా. నేర్చుకునేవాళ్ల కోసం రాసింది. నేర్చుకునేవాళ్ల లెక్క వేరు. వాళ్లకు కావాల్సింది తక్కువ డబ్బులో మంచి లెన్స్, చెయ్యి కుదిరేదాకా తోడుండే గట్టి బాడీ. ఈ రెండింట్లోనే పేరు లేని కంపెనీలు మేలు చేస్తాయి, మీ వ్యాసంలో రానిది అదే.

పెంటాక్స్ కె-మౌంట్ 1975లో వచ్చింది. అప్పటి లెన్స్ ఈరోజు పెంటాక్స్ డిజిటల్ బాడీకి ఏ అడాప్టరూ లేకుండా తిప్పితే టక్కున ఎక్కుతుంది. 2021లో వచ్చిన కె-3 మార్క్ త్రీకి కూడా. పెద్ద కంపెనీల్లో కెనాన్ 1987లో పాత ఎఫ్‌డీ మౌంట్‌ను వదిలేసి ఈఎఫ్‌కు మారినప్పుడు పాత లెన్సులన్నీ కొత్త బాడీలకు దూరమయ్యాయి. నికాన్ 1959 నుంచి ఎఫ్ మౌంట్‌ను నిలబెట్టిన మాట నిజమే, ఆ గౌరవం వాళ్లకు దక్కాలి, కాకపోతే వాళ్ల చవక బాడీలు చాలావాటిలో పాత లెన్స్ పెడితే వెలుతురు కొలిచే మీటర్ పనిచేయదు. పెంటాక్స్‌లో అన్నిటికంటే చవక డిజిటల్ బాడీ కూడా పాత లెన్స్‌తో వెలుతురు కొలుస్తుంది.

ఇది మా ఊళ్లకు ఎందుకు ముఖ్యమో చెబుతాను. రీలు రోజుల్లో మా దగ్గర స్టూడియోల్లో తిరిగిన కెమెరాల్లో పెంటాక్స్ కె1000 ఒకటి, వివిటార్ వీ3800ఎన్ ఇంకొకటి. కె1000 1976 నుంచి 1997 దాకా తయారైంది, బ్యాటరీ అయిపోయినా మీటర్ ఒక్కటే ఆగుతుంది తప్ప షట్టర్ ఆగదు, అందుకే అప్పటివాళ్లు దాన్ని అంతగా నమ్మేవాళ్లు. వివిటార్ పేరు వేరైనా మౌంట్ అదే, కె-మౌంట్. ఈ రెండు కెమెరాలతో వచ్చిన 50 ఎంఎం లెన్సులు ఇప్పటికీ కరీంనగర్, పెద్దపల్లి, మంచిర్యాల, జనగామ వైపు పాత స్టూడియోల బీరువాల్లో, బట్ట చుట్టి, ఎవరికీ అక్కర్లేకుండా పడి ఉన్నాయి. కొందరు పాత సామాను కింద తూకానికి వేస్తున్నారు. బాధ అనిపిస్తుంది, ఎందుకంటే అంత వెలుతురు పట్టే లెన్స్ కొత్తది కొనాలంటే వేలల్లో ఖర్చు.

ఆ అమ్మాయికి నేను ధర చెప్పలేదు. మా గురువుగారి కె1000తో వచ్చిన 50 ఎంఎం, ఎఫ్/2 లెన్స్ నా దగ్గరుంటే తీసి ఆమె కె-ఎక్స్‌కు పెట్టాను. ఆన్ చేయగానే కెమెరా ‘ఫోకల్ లెంగ్త్ ఎంత’ అని అడుగుతుంది, 50 అని పెట్టాలి, దాని ప్రకారం బాడీలో బొమ్మను పట్టే సెన్సర్ కదిలి మన చేతి వణుకును సరిచేస్తుంది. మెనూలో ఎపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) రింగ్ వాడుకోవడానికి అనుమతి ఇవ్వాలి. మోడ్ డయల్ మాన్యువల్ మీద పెట్టి, లెన్స్ మీద ఉన్న రింగ్‌తో ఎపర్చర్ ఎంచుకుని ఒక బటన్ నొక్కితే, బ్లేడ్లు క్షణం సేపు మూసుకుని, కెమెరా వెలుతురు చూసుకుని షట్టర్ స్పీడ్ అదే పెట్టేస్తుంది. ఇక ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి. సరిగ్గా కుదిరినప్పుడు వ్యూఫైండర్ కింద పచ్చగా ఒక గుర్తు వెలిగి బీప్ అంటుంది. ఇదంతా చెప్పడానికి పెద్దగా ఉంది గానీ చేతికి అలవాటైతే ఊపిరి పీల్చినంత సేపు పట్టదు. ఆమె రోడ్డుకు అవతల ఉన్న చాయ్ బండి దగ్గరికి వెళ్లి గ్లాసులోంచి పైకి లేస్తున్న ఆవిరిని తీసింది. గ్లాసు అంచు కత్తిలా స్పష్టంగా, వెనక ఆగిన ఆర్టీసీ బస్సు మసకమసకగా. కెమెరాతో పాటు వచ్చే కిట్ లెన్స్‌తో అన్నాళ్లూ ఎందుకు రాలేదో ఆమెకు అక్కడే అర్థమైంది, నేను ఎపర్చర్ గురించి పాఠం చెప్పాల్సిన అవసరం పడలేదు. ఆ లెన్స్ ఇప్పుడు ఆమె దగ్గరే ఉంది, కెమెరా కూడా.

సెన్సర్ కదలడం గురించి ఒక మాట అన్నాను కదా, దాని సంగతి ఇంకొంచెం చెప్పాలి. వణుకును సరిచేసే యంత్రాన్ని కెనాన్, నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్ (అద్దం ఉన్న డిజిటల్ కెమెరా) రోజుల్లో లెన్సుల్లో పెట్టాయి, అది ఉన్న లెన్స్‌కు ధర ఎక్కువ. దాన్ని కెమెరా బాడీలోనే సెన్సర్‌కు పెట్టి ఎస్‌ఎల్‌ఆర్ అమ్మింది 2004లో కొనికా మినోల్టా, తర్వాత 2006లో పెంటాక్స్ కె100డీతో మొదలుపెట్టింది. బాడీలో ఉంటే ఏ లెన్స్ పెట్టినా, నలభై ఏళ్ల నాటిదైనా, ఆ లాభం వస్తుంది.

రామప్ప గుడికి వెళ్లి చూడండి, దాని విలువ తెలుస్తుంది. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021 జులైలో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది, ఇప్పుడు జనం బాగా వస్తున్నారు. పురావస్తు శాఖ పరిధిలోని గుడి కాబట్టి అనుమతి లేకుండా ట్రైపాడ్ పెట్టనివ్వరు. రంగమంటపం లోపల నల్లరాతి స్తంభాలు, నున్నగా అద్దంలా మెరుస్తాయి, వాటి మీద సూది దూరేంత సందుల్లో నగిషీ, వెలుతురేమో పక్కల నుంచి కొద్దిగా. ఫ్లాష్ కొడితే నల్లరాయి తెల్లగా మెరిసి పనితనం అంతా చచ్చిపోతుంది. అక్కడ నా కె-5 టూకు పాత 28 ఎంఎం మాన్యువల్ లెన్స్ పెట్టి, మోచేతులు పక్కటెముకలకు ఆనించి, సెకనులో పదో వంతు షట్టర్‌తో తీస్తాను, ఐఎస్‌ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందన) పెంచకుండా. స్తంభం మీద నర్తకి మెడలో హారం పూస పూస లెక్కపెట్టొచ్చు. ఆ లెన్స్ నాకు ఒక కొత్త మెమరీ కార్డు ధరకు వచ్చింది.

గుడి బయట మదనిక శిల్పాల దగ్గర ఉన్నట్టుండి వాన మొదలైతే మిగతావాళ్లు కెమెరా జాకెట్లో దాచుకుని చెట్టు కిందికి పరుగెడతారు. కె-5 టూ మెగ్నీషియం బాడీ, కీళ్ల దగ్గర రబ్బరు సీలు ఉంటుంది, దానికి తగ్గ, వాన తట్టుకునే డబ్ల్యూఆర్ లెన్స్ పెడితే జల్లుకు భయపడనక్కర్లేదు. పాత లెన్సులకు ఆ సీలు ఉండదు, అది మరిచిపోకూడదు. ఇలాంటి సీలు పెద్ద కంపెనీల్లో ఎక్కువగా పై మోడళ్లకే ఇచ్చేవాళ్లు, పెంటాక్స్ మధ్య తరగతి కొనగలిగే కె-30, కె-50లకు కూడా ఇచ్చింది. మేడారం జాతరకు వెళ్లినవాళ్లకు దీని విలువ ఇంకా బాగా తెలుస్తుంది. జంపన్న వాగు నుంచి గద్దెల దాకా లేచే ఎర్ర దుమ్ము బొత్తాల సందుల్లోకి పోతుంది, బంగారం అని మనం మొక్కే బెల్లం జిగట చేతికంటి కెమెరాకు అంటుతుంది. సాయంత్రం తడిబట్టతో తుడిచేస్తే నా బాడీ శుభ్రం.

అక్కడే ఇంకో సంగతి. జాతరలో చార్జింగ్ దొరకడం ఎంత కష్టమో వెళ్లినవాళ్లను అడగండి. ఆ అమ్మాయి కె-ఎక్స్ నాలుగు పెన్సిల్ సెల్స్‌తో నడుస్తుంది. నా కె-5 టూకు కింద గ్రిప్ తగిలిస్తే ఆరు పెన్సిల్ సెల్స్ పడతాయి. మామూలు సెల్స్ తొందరగా దిగిపోతాయి, చార్జింగ్ పెట్టుకునే నికెల్ సెల్స్ అయితే చాలాసేపు వస్తాయి, అయినా అర్ధరాత్రి ఏటూరునాగారంలో కిరాణా కొట్లో కూడా కెమెరాకు ప్రాణం పోసే వస్తువు దొరుకుతుందన్న ధైర్యం వేరు.

లక్నవరం, పాకాల వైపు అమావాస్య రాత్రుల్లో చుక్కల ఫొటోలు తీసే కుర్రాళ్లు ఇప్పుడు మన దగ్గర పెరిగారు. భూమి తిరుగుతుంది కాబట్టి ఆకాశం గంటకు 15 డిగ్రీలు జరుగుతుంది, షట్టర్ ఎక్కువసేపు తెరిస్తే చుక్కలు గీతలవుతాయి. దాన్ని ఆపాలంటే కెమెరాను తిప్పే ట్రాకర్ యంత్రం కొనాలి. పెంటాక్స్ 2011లో ఒక చిన్న జీపీఎస్ డబ్బా తెచ్చింది, ఫ్లాష్ పెట్టే చోట పెడితే అది మనం ఎక్కడున్నామో, కెమెరా ఎటు చూస్తోందో లెక్కేసి, వణుకును సరిచేసే అదే సెన్సర్‌ను చుక్కల వెంట మెల్లగా జరుపుతుంది. ఆస్ట్రోట్రేసర్ అంటారు. 2016లో వచ్చిన కె-1లో ఆ జీపీఎస్ లోపలే ఉంది. చిన్న కంపెనీ కాబట్టి బుర్ర పెట్టి ఆలోచించిందని నాకనిపిస్తుంది.

అసలు పేరు లేని కంపెనీలు అంటూ మనం పక్కన పెట్టేవాటి దగ్గర నుంచే చాలా వచ్చాయి. పెంటాక్స్ పుట్టిల్లు అసాహి ఆప్టికల్, 1919 నాటిది. జపాన్‌లో మొట్టమొదటి 35 ఎంఎం ఎస్‌ఎల్‌ఆర్ 1952లో వచ్చిన వాళ్ల అసాహిఫ్లెక్సే. సెన్సర్ మీద దుమ్మును తనే దులుపుకునే ఏర్పాటు 2003లో ఒలింపస్ ఇ-1తో వచ్చింది. ఇప్పుడు మా పెళ్లి ఫొటోగ్రాఫర్లు ఎగబడి కొంటున్న సోనీ సంగతి చూడండి. 2006లో కొనికా మినోల్టా కెమెరాలు చేయడం మానేసి ఆ వ్యాపారాన్ని సోనీకి అప్పజెప్పింది, సోనీ ఆల్ఫా మొదలైంది మినోల్టా 1985 నాటి మౌంట్ మీద. ఆ రోజు సోనీ కొన్నవాణ్ని కూడా ఇలాగే ‘టీవీల కంపెనీ కెమెరా’ అని నవ్వినవాళ్లు ఉన్నారు.

పెద్ద పేరు ఉంటే చాలు, నమ్మకం అన్నది కూడా పూర్తిగా నిజం కాదు. నికాన్ 2011లో తెచ్చిన నికాన్ 1 మౌంట్‌ను 2018లో ఆపేసింది. కెనాన్ 2012లో మొదలుపెట్టిన ఈఎఫ్-ఎం మౌంట్ కూడా ఆగిపోయింది. ఆ మౌంట్ లెన్సులు కొన్నవాళ్లు మీ వ్యాసం చెప్పినట్టు పెద్ద కంపెనీనే నమ్ముకున్నారు. శాంసంగ్ ఎన్ఎక్స్ కొన్నవాళ్ల పరిస్థితి అంతకంటే కష్టం, ఆ కంపెనీ ఫోన్లు చేసుకుంటూ కెమెరాలను మొత్తానికే వదిలేసింది. ఒలింపస్ 2020లో కెమెరా విభాగాన్ని అమ్మేస్తున్నామని ప్రకటించింది, అయినా మైక్రో ఫోర్ థర్డ్స్ మౌంట్ ఓఎం సిస్టమ్ పేరుతో, ఇటు పానాసోనిక్‌తో నడుస్తూనే ఉంది, ఎందుకంటే ఆ మౌంట్ మొదటి నుంచీ ఒక్క కంపెనీ సొత్తు కాదు. కొనేవాడు చూడాల్సింది ఇదీ: మౌంట్ ఎన్నాళ్ల నుంచి ఉంది, పాత లెన్సులు ఎన్ని దొరుకుతాయి, కంపెనీ పోతే ఆ లెన్సులు ఇంకెక్కడైనా పనికొస్తాయా అని.

పెంటాక్స్ మీద కూడా నాకు గుడ్డి ప్రేమ లేదు. 2011లో హోయా దగ్గర నుంచి రికో చేతికి వచ్చింది, అందరూ మిర్రర్‌లెస్ వైపు పోతుంటే వీళ్లు అద్దం ఉన్న కెమెరాలే చేస్తామని కూర్చున్నారు, కొత్త బాడీలు రావడం బాగా నెమ్మదించింది. 2024లో పెంటాక్స్ 17 అని రీలు కెమెరా తెచ్చారు, సంతోషమే గానీ దానితో నా పని జరగదు. రేపు డిజిటల్ బాడీలు ఆపేసినా నా లెన్సులు మూలన పడవు. కె-మౌంట్‌లో లెన్స్ అంచు నుంచి సెన్సర్‌కు దూరం 45.46 మిల్లీమీటర్లు, సోనీ ఇ-మౌంట్‌లో 18 మిల్లీమీటర్లే, మధ్యలో ఆ దూరం పూడ్చే గొట్టంలాంటి అడాప్టర్ పెడితే ఏ మిర్రర్‌లెస్ బాడీ మీదైనా ఎపర్చర్ రింగ్ ఉన్న నా పాత లెన్సులు పనిచేస్తాయి.

పాతవి కొనేవాళ్లు జాగ్రత్తగా చూసుకోవాల్సినవి కూడా ఉన్నాయి, మీ పేజీ ఇలాంటివి రాస్తే ఎంత బాగుండేది. కె-30, కె-50 లాంటి మోడళ్లలో ఎపర్చర్‌ను కదిపే సోలినాయిడ్ అనే చిన్న కరెంటు భాగం కొంతకాలానికి మొరాయించి ఫొటోలు నల్లగా వస్తాయని వాడినవాళ్లు చాలామంది చెబుతారు, కాబట్టి కొనే ముందు ఎఫ్/8లో, ఎఫ్/11లో వరసగా క్లిక్ చేసి చూడాలి, అదీ కెమెరా కొంతసేపు ఆఫ్‌లో ఉంచి ఆన్ చేయగానే. కొన్ని పాత రికో లెన్సులకు వెనక ఒక అదనపు పిన్ ఉంటుంది, అది ఆటోఫోకస్ బాడీలోని రంధ్రంలో ఇరుక్కుంటే లెన్స్ ఊడిరాదు, ముందే చూసుకోవాలి. లెన్స్‌లోంచి టార్చి వేసి సాలెగూడులా ఫంగస్ పట్టిందేమో చూడాలి, మన వానాకాలానికి బీరువాలో పడి ఉన్న లెన్సుల్లో అది మామూలే. ఫ్లాష్ గురించి భయం అక్కర్లేదు, కెమెరా తనే వెలుగు నిర్ణయించే టీటీఎల్ కాకుండా మాన్యువల్‌లో వాడితే ఏ చైనా ఫ్లాష్ అయినా నడిమి పాయింటుతోనే పేలుతుంది.

ఇక రిపేరు. ఇక్కడ నాకు కోపం ఉంది, దాచుకోను. నా పాత బాడీ ఒకటి బాగుచేయమని ఇస్తే ఒక సర్వీసు సెంటర్‌లో నెలల తరబడి పెట్టుకుని, పార్టు రాలేదని తిప్పి పంపారు, పైగా ‘ఇంకా దీన్నే వాడుతున్నారా’ అని కౌంటర్ మీద నవ్వారు. తర్వాత హైదరాబాద్‌లో కోఠి వైపు ఒక పాత మెకానిక్ దాన్ని విప్పి, పాడైపోయిన ఇంకో బాడీలోంచి ముక్క తీసి పెట్టి బాగుచేశాడు. ఆయన చేతి పని చూస్తే దండం పెట్టాలనిపించింది. ఇలాంటివాళ్లు వరంగల్‌లో కూడా ఒకరిద్దరు ఉండేవాళ్లు, ఇప్పుడు మొబైల్ రిపేర్లకు మారిపోయారు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ మొదలుపెట్టింది, వస్తువు బాగుచేయించుకోవడం కొన్నవాడి హక్కని ప్రభుత్వమే అంటోంది. అలాంటప్పుడు బాగుచేయించుకోగల కెమెరాను వచ్చిన ధరకు అమ్మేయమని పత్రిక చెప్పడం ఏం న్యాయం?

మన వరంగల్ బిడ్డ భరత్ భూషణ్ గారు తెలంగాణ పల్లెలను, బతుకమ్మలను, ఇళ్ల గోడలను, తలుపులను తీసిన ఫొటోలు చూసినవాళ్లెవరూ ఆయన ఏ కంపెనీ కెమెరా వాడారని ముందు అడగరు. ప్రతి ఆగస్టు 19న మా అసోసియేషన్ల వాళ్లం ఫొటోగ్రఫీకి ఆద్యుల్లో ఒకరైన డాగ్యురే పటానికి దండ వేసి, కేక్ కోసి, ర్యాలీ తీస్తాం. ఆ ర్యాలీలో ఎవరి మెడలో ఏ బెల్ట్ ఉందో చూసి కొత్త పిల్లల్ని పక్కన నిలబెట్టే అలవాటు మాలోనూ ఉంది, దాన్ని మేమే మార్చుకోవాలి. మీరు మాత్రం ఆ అలవాటుకు అచ్చు వేసి ఊతం ఇవ్వకండి.

నేను అడిగేది ఎక్కువేమీ కాదు. ఆ బాక్స్‌లోని మాటకు ఒక సవరణ వేయండి, ‘ఇంట్లో ఉన్న కెమెరా అమ్మే ముందు దాని మౌంట్ ఏదో తెలుసుకోండి, ఏ లెన్సులు పడతాయో కనుక్కోండి’ అని. వీలైతే ఒక ఆదివారం పేజీ జిల్లాల్లో మిగిలిన కెమెరా మెకానిక్‌ల మీద వేయండి, ఎవరు ఏ ఊళ్లో ఏం బాగుచేస్తారో చెబితే వాళ్లకూ పని దొరుకుతుంది, మాకూ దారి దొరుకుతుంది. మీ విలేకరి మా స్టూడియోకు వస్తే పాత లెన్సులు, డిజిటల్ బాడీలు బల్ల మీద పెట్టి ఏది దేనికి ఎక్కుతుందో చూపిస్తాను. పాత కె1000లు, వివిటార్లు బీరువాలో పెట్టుకున్న స్టూడియో అన్నలు కూడా, తూకానికి వేసే ముందు ఆ లెన్సులను దగ్గర్లోని కాలేజీ పిల్లలకు ఇవ్వండి, కె-మౌంటో కాదో తెలియకపోతే పట్టుకుని హనుమకొండకు రండి, నేను చూసి చెబుతాను.

ఇట్లు,
ఒక స్టూడియో ఫొటోగ్రాఫర్,
హనుమకొండ